ఈత కుంట బాగుంది, నీటి పరీక్ష కాగితం మాత్రం బోరుబావిది

హనుమకొండ నుంచి కారులో అరగంట దూరంలో ఒక విహార స్థలం ఉంది. పాత కుంటను లోతు చేసి, మూడు వైపులా రాతి మెట్లు కట్టి, ఒక భాగాన్ని ఈతకు, మిగిలిన భాగాన్ని పడవలకు విడదీసి నడుపుతున్నారు. ఈ వేసవిలో అక్కడికి మూడు సార్లు వెళ్లాను: ఏప్రిల్ చివర ఒకసారి, మే మధ్యలో ఒక ఆదివారం, తొలకరి వానలు పడ్డాక జూన్‌లో మరొకసారి. ఆస్పత్రి ప్రయోగశాలలో ముప్పై ఏళ్లకు పైగా సూక్ష్మజీవుల పరీక్షలు చేసి విరమణ పొందినదాన్ని కనుక, అందరూ చూసే పచ్చిక, పడవలు, ఊయలల కంటే నీటినే ఎక్కువగా చూశాను. యజమాని నా మాటలు ఓపికగా విని కొన్ని మార్పులకు ఒప్పుకున్నారు కాబట్టి ఆ స్థలం పేరు రాయడం లేదు. టికెట్టు పెట్టి పిల్లలను నీళ్లలోకి దింపే ఏ చోటికి వెళ్లినా ఈ ప్రశ్నలే అడగవలసి ఉంటుంది.

ముందుగా మంచి సంగతులు. పెద్దలకు 150 రూపాయలు, పిల్లలకు 80 రూపాయలు టికెట్టు. వేప చెట్ల నీడలో బండ్లు నిలుపుకోవడానికి చోటు. ఆడవారికి, మగవారికి దూరదూరంగా బట్టలు మార్చుకునే గదులు, వాటికి సరైన గడియలు. ఈత భాగం చుట్టూ తాడు కట్టి, నడుము లోతు ఎక్కడ ముగుస్తుందో ఎర్ర బుడగలతో గుర్తు పెట్టారు. నేను వెళ్లిన మూడు సార్లూ ఇద్దరు ఈతగాళ్లు గట్టున నిలబడే ఉన్నారు. పడవ ఎక్కేవారికి లైఫ్ జాకెట్టు లేనిదే తాడు విప్పలేదు. క్యాంటీన్‌లో వేడి సర్వపిండి దొరుకుతుంది, చేతులు కడుక్కోవడానికి సబ్బు కూడా ఉంది. ప్రతి వేసవిలో బావుల్లో, కాలువల్లో మునిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్న పిల్లల వార్తలు చదివే మనకు ఈ జాగ్రత్తలు చిన్నవి కావు. నీట మునగకుండా వీరు తీసుకున్న శ్రద్ధలో సగమైనా ఆ నీటి నాణ్యత మీద పెట్టి ఉంటే ఈ సమీక్ష ఇంత పొడవు అయ్యేది కాదు.

నేను ఈత నేర్చుకున్నది మా ఊరి వ్యవసాయ బావిలో. మా బాపు నా నడుముకు రెండు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి మోట దారి పక్కనుంచి దింపేవాడు. ఆ బావి నీటిని రోజూ మోటతో తోడి పొలానికి పారించేవారు కాబట్టి ఊటలోంచి కొత్త నీరు వస్తూ ఉండేది. అందులో దిగేవాళ్లం నలుగురమో ఐదుగురమో. ఈ కుంటలో మే నెల ఆదివారం నాడు, నేను లెక్కపెట్టినంత వరకు, సాయంత్రానికి రెండు వందల మందికి పైగా దిగారు. ఆ నీరు బయటికి పోయే దారి లేదు. మా మనవడు, మనవరాలు నన్ను కూడా దిగమని చెయ్యి పట్టి లాగుతున్నప్పుడు నా మనసులో మెదిలింది ఈ తేడానే.

మొదటిసారి వెళ్లినప్పుడే టికెట్టు కిటికీ దగ్గర, నీళ్లు చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారని అడిగాను. అక్కడి నిర్వాహకుడు మర్యాదగల యువకుడు. "నీళ్లు మంచిగనే ఉన్నయి మేడం, రోజూ పొద్దుగాల బ్లీచింగ్ కొడుతున్నం" అని చెప్పి, నేను కాగితం చూడాలని పట్టుబట్టగా లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచిన నివేదిక ఒకటి తెచ్చి ఇచ్చాడు. దానిమీద ప్రయోగశాల ముద్ర ఉంది, సంతకం ఉంది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్, అందులో కరిగిన లవణాలను తెలిపే టీడీఎస్, కఠినత్వం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు విలువలు వరుసగా ఉన్నాయి, అన్నీ పరిమితుల లోపలే ఉన్నాయి. అయితే నమూనా వివరాల దగ్గర "బోరు నీరు" అని రాసి ఉంది. తేదీ చూస్తే అది కుంట తెరవక ముందు నాటిది. నీటిలో మలం కలిసిందని తెలిపే కోలిఫాం బ్యాక్టీరియా అన్న వరుసే అందులో లేదు.

ఆ యువకుడు నన్ను మోసం చేయాలని చూడలేదు. నీటి పరీక్ష అంటే అదేనని నిజంగా నమ్మాడు. మన ప్రాంతంలో చాలామందికి నీటి నాణ్యత అనగానే టీడీఎస్ గుర్తుకు వస్తుంది, ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. ఫ్లోరైడుతో ఎముకలు వంగిపోయిన ఊళ్లను చూసిన తెలంగాణలో అది సహజమే. అయితే ఆ కొలతలు తాగేవారికి, సంవత్సరాల తరబడి అదే నీరు తాగేవారికి సంబంధించినవి. ఈతకు దిగిన పిల్లవాడు రెండు మూడు గుక్కలు మింగుతాడు, కళ్లలో, చెవుల్లో, ముక్కులో నీరు పోనిస్తాడు, మోకాలి మీద గీరుకుపోయిన చోటును అదే నీటిలో నానబెడతాడు. అతనికి హాని చేసేది కఠినత్వం కాదు, ఆ నీటిలో కలిసిన మలం. అందుకే స్నానానికి వాడే నీటికి మన దేశంలో వేరే కొలమానం ఉంది. బహిరంగ స్నానపు నీటికి 2000 సంవత్సరంలో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో మల కోలిఫాం సంఖ్య 500 లోపు ఉండటం వాంఛనీయం, ఎట్టి పరిస్థితిలోనూ 2500 దాటరాదు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి, జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే మలినాన్ని కుళ్లబెట్టడానికి క్రిములు వాడుకునే ఆక్సిజన్, 3 మిల్లీగ్రాములు మించరాదు. తాగునీటికైతే మల కోలిఫాం ఒక్కటి కూడా ఉండరాదు. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరాన్ని గమనించండి: ఆరుబయట ఉన్న నీరు పూర్తి నిర్మలంగా ఉండదని ప్రమాణం రాసినవారికి తెలుసు; ఎంతవరకు సహించవచ్చో గీత గీశారు. ఆ గీతకు ఈ కుంట ఇవతల ఉందో అవతల ఉందో చెప్పే కాగితం ఏప్రిల్ నాటికి అక్కడ లేదు.

సంఖ్య దొరకనప్పుడు చుట్టూ తిరిగి చూడటమే మార్గం. మా వృత్తిలో కూడా సీసా ముంచక ముందు చేసే పని అదే: మలినం ఎక్కడినుంచి రాగలదో కళ్లతో వెతకడం. గట్టు వెంట నడిచాను. మరుగుదొడ్లు కుంటకు తూర్పున, కాస్త మిట్ట మీద ఉన్నాయి. వాటి సెప్టిక్ ట్యాంకు నీటి అంచుకు ముప్పై అడుగుల దూరంలో ఉండవచ్చు, దాని పొంగు నీరు ఇంకుడు గుంతలోకి వెళుతుంది. నీరు పల్లమెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. మొరం నేలలో వాన పడ్డ రోజున ఆ ఇంకుడు గుంత నిండితే అది దిగేది కుంట వైపే. పడవల భాగంలో అందం కోసం పాతిక బాతులను పెంచుతున్నారు. పిల్లలు వాటికి మరమరాలు వేస్తే అవి తాడు కిందుగా ఈదుకుంటూ ఈత భాగంలోకి వస్తున్నాయి. బాతు రెట్టలో కూడా కోలిఫాం ఉంటుంది. కడుపును చెడగొట్టే క్యాంపిలోబాక్టర్, సాల్మొనెల్లా బ్యాక్టీరియా పక్షుల పేగుల్లో తరచుగా ఉండేవే. పడమటి వైపు పొలాల నుంచి ఒక చిన్న కాలువ వచ్చి కుంటలో కలుస్తుంది. దాని పైభాగంలో బర్రెలను కడగడం నేను చూశాను.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది నీటిని బయటికి వదిలే తూము గానీ, ఎక్కువైనది పొర్లిపోయే మత్తడి గానీ లేకపోవడం. రామప్ప, పాకాల, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువులు చూసినవారికి తెలుసు: కట్ట ఎంత ముఖ్యమో తూము, మత్తడి అంతే ముఖ్యం. వచ్చిన నీరు కొంత నిలిచి, కొంత పొలాలకు పోయి, ఎక్కువైనది మత్తడి దూకి కింది చెరువుకు చేరుతుంది. కదిలే నీటిలో మలినం పలుచబడుతుంది. ఈ కుంటను తవ్వినవారు పాత తూమును రాతి మెట్ల కింద పూడ్చివేశారు. ఇప్పుడు ఇందులోకి బోరు నీరు, కాలువ నీరు వస్తాయి, ఎండకు ఆవిరైపోతాయి. వచ్చిన మలినం మాత్రం ఎక్కడికీ పోదు. ఈ ఒక్క మార్పు వెనక్కి తీసుకుని తూమును తెరిస్తే, వారానికి కొంత నీరు కింది తోటకు పారించి ఆ మేరకు బోరు నీటితో నింపితే, బ్లీచింగ్ సంచులకు పెట్టే ఖర్చుకంటే ఎక్కువ ఫలితం వస్తుందని నా గట్టి అభిప్రాయం.

బ్లీచింగ్ సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి చోట్ల అందరూ దానినే భరోసాగా చెబుతారు. టైల్స్ వేసిన ఈత కొలనులో క్లోరిన్ బాగా పనిచేస్తుంది. అక్కడ నీరు వడపోత యంత్రం గుండా తిరుగుతుంది, అడుగున మట్టి ఉండదు. నీటిలో మిగిలిన క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండేట్టు పూటపూటకూ చూసుకుంటారు. మట్టి కుంటలో పొద్దున్నే చల్లిన బ్లీచింగ్ పౌడరును ముందుగా బురద, నాచు, కుళ్లిన ఆకులు తీసుకుంటాయి. మిగిలినదాన్ని మన వేసవి ఎండ కొన్ని గంటల్లోనే విరిచేస్తుంది. పిల్లలు దిగే పదకొండు గంటలకు అందులో ఎంత మిగిలిందో ఎవరూ కొలవడం లేదు. షెడ్డులో సంచి మూతి విప్పే ఉంది; బ్లీచింగ్ పౌడరు గాలికి, తేమకు తగిలితే దాని బలం పోతుంది. ఆ సంచిని, దాని పక్కన చేతి కొలతగా వాడే డబ్బాను చూశాక, రోజూ చేస్తున్న ఆ పని శుభ్రతకంటే మనశ్శాంతికే ఎక్కువ ఉపయోగపడుతున్నదని అనిపించింది.

మే నెల ఆదివారం ఉదయం వెళ్లేసరికి నీరు ఆశ్చర్యపోయేంత తేటగా ఉంది. అడిగితే శనివారం రాత్రి పటిక కలిపామని చెప్పారు. మా అమ్మమ్మ చిల్లగింజను కుండ లోపలి వైపు అరగదీసి వాగు నీటిని తేర్చేది. పటిక చేసేదీ అదే, మట్టి రేణువులను ముద్దలు కట్టించి అడుక్కు దింపుతుంది. వాటితోపాటు కొన్ని క్రిములూ అడుక్కు పోతాయి. అయితే అమ్మమ్మ ఆ తేట నీటిని పైనుంచి వంచి, మరిగించి మాకు పోసేది. ఇక్కడ అడుక్కు దిగిన బురదను అలాగే ఉంచి, దానిమీద రెండు వందల మందిని తొక్కనిస్తున్నారు. పాత పళ్లెం ఒకదానికి నలుపు, తెలుపు రంగులు వేసి తాడు కట్టి నేను వెంట తీసుకువెళ్లాను. ఉదయం పది గంటలకు నడుము లోతులో అడుగున పెట్టినా అది స్పష్టంగా కనిపించింది. సాయంత్రం నాలుగు గంటలకు అదే చోట మోకాలి లోతు దాటగానే కనుమరుగైంది. ఇది క్రిముల విషయం మాత్రమే కాదు. ఆ సమయానికి నడుము లోతులో ఒక పిల్లవాడు మునిగిపోతే గట్టున ఉన్న ఈతగాడికి కనిపించడు. అందుకని నీరు ఎంతవరకు కనిపిస్తున్నదో గంటగంటకూ చూసి, పళ్లెం కనుమరుగైతే ఈత ఆపివేయాలని నిర్వాహకులకు చెప్పాను. ఇది ఖర్చు లేని పని.

అదే రోజు మూడు పరీక్ష సీసాలు వాడాను. గ్రామాల్లో తాగునీటి పరీక్షకు వాడే చిన్న సీసాలివి. 1982లో భారతీయ శాస్త్రవేత్తలు ప్రకటించిన పద్ధతి ఆధారంగా తయారవుతాయి. మలంతో వచ్చే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడు వాయువును విడుదల చేస్తే, సీసాలోని ఇనుముతో కలిసి నీరు నల్లబడుతుంది. మన వేసవి వేడికి ఇంక్యుబేటరు కూడా అక్కరలేదు, ఒకటి రెండు రోజులు గదిలో ఉంచితే చాలు. బోరు గొట్టం దగ్గర నింపిన సీసా రెండు రోజుల తర్వాత కూడా రంగు మారలేదు. ఈత భాగంలో ఉదయం నింపినది మరుసటి రోజు సాయంత్రానికి నల్లబడింది. సాయంత్రం ఐదు గంటలకు నింపినది తెల్లారేసరికే కాటుకలా అయింది. ఈ సీసాను తాగునీటి కోసం తయారు చేశారు. చెరువు నీరు ఏదైనా దాదాపు ఎప్పుడూ దీన్ని నల్లబరుస్తుంది. క్రిములు ఉన్నాయో లేదో చెబుతుంది తప్ప 500 లోపా, 2500 పైనా అన్నది చెప్పదు. కనుక సీసా నల్లబడింది కాబట్టి కుంటను మూయాలని నేను అనలేదు. ఉదయానికీ సాయంత్రానికీ ఉన్న తేడాను చూపించి, లెక్క తేల్చే పరీక్ష చేయించండని అడగడానికి మాత్రం అది చాలా బాగా ఉపయోగపడింది. యజమాని ఆ మూడు సీసాలను బల్లమీద వరుసగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "అమ్మా, నా పిల్లలు కూడా ఇందులనే దూకుతరు" అన్నారు. ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఆ వారంలోనే మా మనవరాలికి చెవి పోటు వచ్చింది. వైద్యుడు చూసి చెవి దారిలో ఇన్ఫెక్షన్ అని చుక్కల మందు రాశారు. ఈత తర్వాత చెవిలో తడి నిలిచిపోతే ఎంత మంచి నీటిలోనైనా అలా రావచ్చు కాబట్టి దానిని కుంట ఖాతాలో వేయడం న్యాయం కాదు. బయటికి రాగానే తల వంచి రెండు చెవుల నీరు కారనిచ్చి పొడి గుడ్డతో తుడవాలన్న సంగతి ఆ హడావుడిలో నేనే మరిచాను.

చెవికంటే ముక్కు గురించి ఎక్కువ చెప్పాలి. 2024లో కేరళలో అమీబా వల్ల వచ్చే మెదడు వాపుతో పిల్లలు మరణించినప్పటి నుంచి చాలామంది తల్లిదండ్రులు నన్ను దీని గురించి అడుగుతున్నారు. ఆ వ్యాధికి ముఖ్య కారణమైన నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా వెచ్చటి మంచినీటిలో, ముఖ్యంగా అడుగు బురదలో పెరుగుతుంది. 46 డిగ్రీల వేడిని సైతం తట్టుకుంటుంది. ఆ నీటిని మింగితే వ్యాధి రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. నీరు ముక్కులోకి బలంగా దూసుకుపోయినప్పుడు వాసన నాడుల వెంట మెదడుకు చేరుతుంది. చాలా అరుదు, కానీ వస్తే బతికేవారు బహు తక్కువ. మే నెలలో ఓరుగల్లు ఎండకు లోతు తక్కువ ఉన్న ఈ కుంట నీరు మధ్యాహ్నానికి గోరువెచ్చగా మారుతున్నది. మెట్ల మీదినుంచి పిల్లలు కాళ్లు ముందుగా దూకుతూ, అడుగు బురదను చిమ్ముతూ ఆడుతున్నారు. ముక్కు మూసుకుని దూకమని, తల ముంచకుండా ఆడమని, బురద ఎగజిమ్మవద్దని ఒక బోర్డు పెడితే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ముక్కుకు పెట్టే క్లిప్పులను టికెట్టు దగ్గర అమ్మితే ఇంకా మంచిది. ఈత తర్వాత కొద్ది రోజుల్లో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి, చెరువులో దిగిన సంగతి వైద్యుడికి తప్పకుండా చెప్పాలి.

జూన్‌లో వెళ్లినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. రెండు రోజుల ముందు గట్టి వాన పడింది. కాలువ నీరు ఎర్రగా వచ్చి కలిసింది. పడమటి మూల అంచున పచ్చటి పెయింటు ఒలకబోసినట్టు తెట్టె కట్టింది. కర్ర ముంచి ఎత్తి చూశాను. దారాలు దారాలుగా కర్రకు వేలాడితే అది మామూలు నాచు. ఇది అలా రాలేదు, రంగులా అంటుకుని జారిపోయింది. నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవుల లక్షణం అది. పొలాల నుంచి కొట్టుకువచ్చే ఎరువులోని భాస్వరం, నిలిచిన నీరు, ఎండ, ఈ మూడూ కలిసినచోట అవి విపరీతంగా పెరుగుతాయి. వాటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారు చేస్తాయి. నీటిని మరిగించినా ఆ విషం పోదు. అటువంటి తెట్టె కలిసిన నీటిని తాగి పశువులు చనిపోయిన సందర్భాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. ఆ మూలకు పదడుగుల దూరంలో నాలుగేళ్ల పిల్లలు ఆడుకుంటున్నారు. ఈత టికెట్లు ఆగకుండా అమ్ముడవుతున్నాయి.

వాన తర్వాత నీటిలో దిగరాదన్న నియమాన్ని చెప్పడం చాలా తేలిక, పాటించడమే కష్టం. గట్టి వాన పడితే గట్ల మీది పేడ, ఇంకుడు గుంత పొంగు, ఎలుకల మూత్రం, అన్నీ కుంటలోకే వస్తాయి. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ చర్మం మీది చిన్న గీరుడు గుండా కూడా శరీరంలోకి ప్రవేశిస్తుంది. మల కోలిఫాం లెక్క తేల్చడానికి ప్రయోగశాలకు కనీసం ఒకటి రెండు రోజులు పడుతుంది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. అంటే మన చేతికి వచ్చే సంఖ్య ఎప్పుడూ గడిచిన రోజుదే. ఇవాళ దిగవచ్చా అన్న ప్రశ్నకు పరీక్ష జవాబు చెప్పలేదు, వాన చెబుతుంది. గట్టి వాన తర్వాత మూడు రోజులు ఈత భాగాన్ని మూసి పడవలు మాత్రం నడపాలని నిర్వాహకుడిని అడిగితే, "శని ఆదివారాలే కదా మేడం మాకు నాలుగు పైసలు వచ్చేది" అన్నాడు. అతని కష్టం నాకు అర్థమైంది. అయినా ఆ రోజు మా పిల్లలను దిగనివ్వలేదు, పక్కన ఉన్న రెండు కుటుంబాలకు తెట్టెను చూపించి చెబితే వారూ పైకి వచ్చేశారు. సాయంత్రానికి యజమాని వచ్చి పడమటి మూలకు అడ్డంగా ఇంకొక తాడు కట్టించారు. అది చాలదు.

మారినవి కూడా చెప్పాలి. బాతులను వల కట్టి కింది తోట వైపు మళ్లించారు. మెట్లు దిగేముందు జల్లు స్నానం తప్పనిసరి చేసి, దగ్గర ఒక అమ్మాయిని నిలబెట్టారు. ఒంటిమీది చెమట, మట్టి, మలినం కొలనులో కలవకుండా ఆపడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు. డైపరు వేసిన పసిపిల్లలను ఈత భాగంలోకి అనుమతించడం మానేశారు. విరేచనాలు అవుతున్నవారు దిగరాదని తెలుగులో పెద్ద అక్షరాలతో రాశారు. మే చివర కుంట నీటికే మల కోలిఫాం పరీక్ష చేయించారు. ఫలితం 500 లోపే వచ్చింది. ఆ కాగితాన్ని టికెట్టు కిటికీ పక్కన అద్దంలో పెట్టారు. మన చుట్టుపక్కల ఇలాంటి కాగితాన్ని గోడకు తగిలించిన విహార స్థలాన్ని నేను ఇంతకుముందు చూడలేదు కనుక ఈ పనికి వారిని మనసారా అభినందిస్తున్నాను.

అయితే నమూనా తీసిన సమయం చదివాను: మంగళవారం, ఉదయం ఏడు గంటలు. ముందు రోజు సోమవారం వారపు సెలవు కావడంతో కుంటలో ఎవరూ దిగలేదు, వాన లేదు, రాత్రంతా బురద అడుక్కు దిగి ఉంది. ఏ కుంటకైనా అదే అన్నిటికంటే మంచి గంట. నీటిలో కరిగిన ఆక్సిజన్‌కు మాత్రం ఇది తిరగబడుతుంది. నాచు పగలు ఆక్సిజన్‌ను ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామునే అది అతి తక్కువగా ఉంటుంది. చేపలు పొద్దున్నే పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తే అదే సూచన. కోలిఫాంకు సాయంత్రం, ఆక్సిజన్‌కు తెల్లవారుజాము, ఇలా నీరు బలహీనంగా ఉండే గంటలోనే నమూనా తీస్తే ఆ సంఖ్యకు విలువ ఉంటుంది. అద్దంలో పెట్టిన కాగితం అబద్ధం కాదు. ఆదివారం సాయంత్రం దిగే పిల్లవాడికి సంబంధించినది మాత్రం కాదు.

ఐదుకు ఎన్ని మార్కులని అడిగితే, ప్రాణరక్షణ ఏర్పాట్లకు నాలుగున్నర, సౌకర్యాలకు నాలుగు, నీటికి ప్రస్తుతం రెండు ఇస్తాను. పడవ విహారానికి, పొద్దుగూకే వేళ గట్టున కూర్చోవడానికి ఎవరైనా నిశ్చింతగా వెళ్లవచ్చు. ఈతకు వెళ్లేవారు వాన లేని వారంలో, ఉదయం పూట, పని దినాన వెళ్లడం మంచిది. ఒంటిమీద మానని గాయం ఉన్నవారు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవారు ఇప్పటికి దిగవద్దు. నీటిలో దిగేముందు పడమటి మూలకు ఒకసారి నడిచి వెళ్లి చూడండి. పచ్చటి తెట్టె కనిపిస్తే టికెట్టు డబ్బులు వెనక్కి అడగండి. యజమాని ఇస్తానని నాతో చెప్పారు.

తూము తెరిపించడానికి మేస్త్రీతో మాట్లాడుతున్నామని పోయిన వారం ఫోను చేసి చెప్పారు. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు, జనం ఎక్కువగా ఉన్నప్పుడే నమూనా తీయడానికి కూడా ఒప్పుకున్నారు. శుద్ధి చేసిన సీసాను, బ్లీచింగ్ ప్రభావాన్ని ఆపే థయోసల్ఫేటు అందులో వేసి, నిర్వాహకుడి చేతికి ఇచ్చి వచ్చాను. నడుము లోతులో నిలబడి, సీసా మూతిని ముందుకు ఉంచి, మోచేతి లోతున ముంచి, పైన కాస్త ఖాళీ వదిలి మూత పెట్టాలని చేసి చూపించాను. ఆరు గంటల లోపు ప్రయోగశాలకు చేరాలి కనుక ఐసు పెట్టెను, బండిని ముందే సిద్ధంగా ఉంచుకోమన్నాను. ఆ ఫలితం వచ్చాక నీటికి ఇచ్చిన మార్కులను ఇక్కడే సవరిస్తాను.